తాపీ పిడితో తట్టినప్పుడు

మంగళవారం

నిన్నే అడుగుతున్నాను, సూటిగా చెప్పు. కింద గుల్లగా ఉన్న టైలును చూసీ చూడనట్టు వదిలేసినవాడు మర్యాదస్తుడా, దొంగా?

దొంగే. ఈ పుస్తకం నేను తప్ప ఇంకెవరూ చదవరు కనుక అడిగేదీ నేనే, చెప్పేదీ నేనే. దొంగే. మేస్త్రిని నమ్మి జనం నడిచే నేల అది. పైన అద్దంలా మెరుస్తుంది, కింద గాలి. ఏదో ఒకనాడు బరువు పడుతుంది, ఫెళ్ళుమంటుంది. అప్పటికి మేస్త్రి ఏ ఊళ్ళో ఉంటాడో. పగులు మాత్రం అక్కడే ఉంటుంది.

అందుకే పగలగొట్టాను. పళ్ళ డాక్టరమ్మ కట్టిస్తున్న కొత్త గదిలో, కిటికీ పక్క వరసలో, తమ్ముడు వేసిన టైలు. తాపీ తిరగేసి పిడితో తట్టాను. మళ్ళీ తట్టాను. గుల్ల. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చూడనీ. వెలుగులో చేసిన పనికి వెలుగులోనే తీర్పు జరగాలి.

"అన్నా, ఒక్క నిమిషం బయటికి రా, మాట్లాడుకుందాం" అన్నాడు తమ్ముడు.

"బయటికెందుకురా? దాచుకునే పనేమైనా చేశావా? ఏదున్నా ఇక్కడే చెప్పు."

చెప్పలేదు. వాడెప్పుడు నోరు తెరిచాడు గనక! సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాను. ముక్కలు ఊడబెరికి పెరట్లో చెత్తకుప్ప మీద పారేశాను. "నీ పనీ నీ మాట లాంటిదేరా. పైకి నున్నన, లోపల ఖాళీ" అన్నాను.

ఆ చివరి మాట అక్కర్లేదేమో. కాదు, కావాలి. మెత్తగా చెబితే మనిషికి ఎక్కదు. ప్రవక్తలు రాజుల ముఖం మీదే చెప్పారు గానీ పక్కకి పిలిచి చెవిలో ఊదలేదు.

వాడు లేచాడు. తన తాపీ కడిగాడు, తుడిచాడు, సంచిలో పెట్టుకున్నాడు. తరువాత నా తాపీ కూడా కడిగి, తుడిచి, రసమట్టం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. రోజూ పని దిగేటప్పుడు వాడు చేసేదే. ఇవాళ కూడా చేశాడు. దానికి అర్థం ఏమిటి? తప్పు ఒప్పుకున్నట్టా?

ఒప్పుకున్నట్టే.

పొద్దున నడిమి వరస గురించి వాడేదో అన్నాడు. దానికీ దీనికీ సంబంధం లేదు.

బుధవారం

రాలేదు. మంచిదే. పని ఆగదు.

బుధవారమే, భోజనం వేళ

ఈ ఆదివారం మందిరంలో ప్రసంగం నాది. అంశం నాణ్యత. ఇక్కడే సిమెంటు బస్తా మీద కూర్చుని, పరిశుద్ధ గ్రంథం ఒళ్ళో పెట్టుకుని రాసుకుంటున్నాను. నేను బడిలో కూర్చున్నది తక్కువ. నాకు అక్షరాలు దిద్దించింది ఈ గ్రంథమే. నా పనిసంచిలో రసమట్టానికీ రబ్బరు సుత్తికీ మధ్య దీనికో చోటుంది. పేజీ తిప్పితే సిమెంటు పొడి రాలుతుంది. రాలనీ. అద్దాల బీరువాలో నిగనిగలాడే గ్రంథాలకంటే ఇదే నయం.

ప్రసంగానికి: మందలో బలిసినదాన్ని దాచుకుని, కుంటిదాన్ని బలికి తోలుకొచ్చేవాడి మీద దేవుడు మండిపడ్డాడు. ఆయన మొహమాటపడలేదు. మనకెందుకు మొహమాటం? మొహమాటానికి పోతే ఏదో అయిందని ఒక సామెత ఉంది. వేదిక మీద చెప్పకూడదు. ఇక్కడ కూడా రాయను.

మర్యాద అంటే ఏమిటి? పగిలిన గోడ మీద సున్నం. ఈ మాట బాగుంది. చివర్లో గొంతు పెంచి చెప్పాలి. "సున్నం కొట్టిన గోడల్లారా!" అని మొదలుపెడితే వెనక బల్లలవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

గ్రంథం తెరిస్తే కంట్లో దూలం, పక్కవాడి కంట్లో నలుసు సంగతి వచ్చింది. దాని మీద ఇదివరకు ఎన్నోసార్లు ప్రసంగించాను. తెలిసిందే కదా. పక్క పేజీకి వెళ్ళాను.

వీధిలో నన్ను ఉరుము మేస్త్రి అంటారు. తమ్ముణ్ణి మెల్లిగాడు అంటారు. అన్నదమ్ములం ఎప్పుడూ కలిసే పనికి వెళ్తాం కనుక, ఉరుమూ మెల్లిగా వస్తోంది అని హోటలు దగ్గర కుర్రకారు నవ్వుకుంటారు. ఇవాళ ఉరుము ఒక్కటే వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అన్నారేమో, నేను గమనించలేదు.

గురువారం

సిమెంటు మాలు నేనే కలుపుకున్నాను, టైల్స్ నేనే మోసుకున్నాను. మోకాళ్ళు నామీద తిరగబడ్డాయి. నిన్న సాయంత్రం తాపీ కడగడం మరిచిపోయాను. దాని మీద మాలు రాయిలా బిగిసింది. గీకి గీకి చెయ్యి కోసుకుంది.

డాక్టరమ్మ పాత గదిలోనే రోగుల్ని చూస్తోంది. మధ్య తలుపు తీసే ఉంటుంది. మాస్కు పైకి లాక్కునే ముందు కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ ఒకటే చెబుతుంది: "నొప్పనిపిస్తే చెయ్యి ఎత్తండి. ఆపేస్తాను." చెబుతూ తన చెయ్యి ఎత్తి చూపిస్తుంది, పసివాళ్ళకి చూపించినట్టు.

ఇవాళ ఒక వస్తాదు వచ్చాడు. మెడ చూస్తే నా నడుమంత ఉంది. ఆమె ఇంకా ముట్టుకోనైనా లేదు, చెయ్యి ఎత్తేశాడు. ఆపేసింది. నవ్వలేదు, విసుక్కోలేదు. పరికరం పక్కన పెట్టి ఊరుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆపింది. నేనైతే వాడి చెయ్యి కుర్చీకి కట్టేసి పన్ను పీకి చేతిలో పెట్టేవాణ్ణి.

కానీ పని పూర్తి చేసింది. ఆ వస్తాదు వెళ్తూ వెళ్తూ రెండు చేతులూ జోడించాడు.

ఉండబట్టలేక అడిగాను. "డాక్టరమ్మా, చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆపేస్తే పని సాగేదెట్లా?"

మాస్కు కిందికి దించింది. "ఆపుతానని నమ్మితేనే వాళ్ళు నోరు తెరుస్తారు మేస్త్రిగారూ."

తెలివైన మాటే. పళ్ళకి సరిపోతుంది. నేలకి సరిపోదు.

మధ్యాహ్నం మళ్ళీ మాస్కుతోనే గుమ్మంలోకి వచ్చి ఏదో అంది. "అలాగేనమ్మా" అన్నాను. కదలలేదు. మాస్కు దించి, "కుర్చీ శనివారం తెస్తారట, ఎక్కడ బిగించాలో గుర్తు పెట్టారా అని అడిగాను" అంది.

"అదే కదమ్మా, అలాగేనన్నాను."

పుచ్చు పన్నును చూసినట్టు చూసింది నన్ను.

శుక్రవారం

మా ఆవిడతో గొడవ. గొడవ కాదు, అసలు గొడవే లేదు. ఉప్పు అందుకోమన్నాను.

"పక్కనే ఉన్నాను కదండీ, ఆ అరుపెందుకు? ఎదురింటివాళ్ళు కూడా ఉప్పు పట్టుకొచ్చేలా ఉన్నారు."

"నేను అరవలేదు."

"అరవలేదట! చేతిలో తాపీ పెట్టుకుని తిరుగుతారు, మనిషిలో మాత్రం తాపీ లేదు."

ఈమెకి ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయో. ప్రసంగంలో వాడుకోవచ్చు గానీ, నామీదే వేసిన బాణం అయిపోయింది.

ఆ తరువాత మరదలు వచ్చింది. తమ్ముడు రాలేదు, ఆమె ఒక్కతే. చెప్పులు బయట విడిచి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"బావగారూ, ఆయన ఆదివారం పొద్దున బస్సుకి బయల్దేరుతున్నారు. ఎవరో కాంట్రాక్టరు, దూరంగా ఎక్కడో పెద్ద భవనాలట. ఇక అక్కడే ఉండిపోతారట. ఇల్లు దొరికాక నన్ను పిలిపిస్తానంటున్నారు."

"పోనీ. పౌరుషం మంచిదే. ఆ పౌరుషం పనిలో చూపిస్తే ఇంకా మంచిది."

"ఏవండీ" అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటే. ఆ స్వరం నాకు తెలుసు.

మరదలు తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గరనుంచి అలా చూడటం ఇదే మొదలు.

"పగలగొట్టారు కదా బావగారూ. ఇంతకీ కింద ఏముంది?"

"ఏముంటుంది? గుల్లకి కింద ఏముంటుంది?"

"ఆయన ఏమీ చెప్పలేదు. అన్న గురించి ఒక్క మాట అనరు. నేనే అడుగుతున్నాను. కింద ఏముంది?"

గట్టిగా ఏదో అన్నాను. ఏమన్నానో రాయను. ఆమె వెళ్ళిపోయింది. మా ఆవిడ కంచం పెట్టింది, ఉప్పు డబ్బా నా చేతికి అందేంత దగ్గరగా పెట్టింది.

కింద ఏముందట! తట్టాను. విన్నాను. గుల్ల. నేను విన్నాను.

శుక్రవారమే

విన్నాను.

శనివారం

కుర్చీ వచ్చింది. ఇనుపముద్ద, పది ఏనుగుల బరువు. బిగించేవాళ్ళు దాన్ని నడిమి వరస మీదికి తోశారు. తోయగానే చప్పుడు. నేను వినకముందే మిగతావాళ్ళ ముఖాలు మారాయి. ఒక టైలు మూలనుంచి మూలకి పగిలింది. పక్కది పళ్ళూడిన నోట్లో నాలుకలా కదిలింది.

బిగించేవాడు వంగి స్క్రూడ్రైవరు పిడితో తట్టాడు. "ఇక్కడ గుల్ల. ఇదీ గుల్లే. మేస్త్రీ, ఈ వరస ఎవరు వేశారు?"

ఇసుక సరిగా జల్లించలేదన్నాను. ఈ సిమెంటు కంపెనీవాడు ఈమధ్య కల్తీ చేస్తున్నాడన్నాను. కుర్చీ తోసిన తీరు తప్పన్నాను. సైతాను పేరొక్కటే ఎత్తలేదు, అదీ నోటిదాకా వచ్చింది. అంటూనే ఉన్నాను, గది అంతా నా గొంతే.

డాక్టరమ్మ బిగించేవాళ్ళ వైపు తిరిగి, "అందరూ వెళ్ళి టీ తాగిరండి, తొందరేం లేదు" అంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగింది. వీధి తలుపు వేసింది. మాస్కు పూర్తిగా తీసేసి జేబులో పెట్టుకుంది. ఒక ముక్కాలిపీట లాక్కుని నాకు ఎదురుగా, సరిగ్గా ఎదురుగా కూర్చుంది.

"మేస్త్రిగారూ, ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీకు చెవులు ఎలా ఉన్నాయి? ముఖ్యంగా ఎడమచెవి?"

"ఇన్నేళ్ళుగా దేవుడి స్వరం వింటున్నవాణ్ణి. నా చెవికేం రోగమమ్మా?"

"దేవుడు మాస్కు పెట్టుకోడు కదా. నేను పెట్టుకుంటాను. మాస్కు ఉంటే మీరు దేనికైనా అలాగేనంటారు. తీస్తే సరైన జవాబు చెబుతారు. నా పెదాలు చూసి వింటున్నారు మీరు."

చేతిలో తాపీని ఒకసారి తిరగేసి చూసుకున్నాను.

"మీ తమ్ముడున్నప్పుడు నాకు తెలియలేదు. ఆయన ఎప్పుడూ మీ కుడిపక్కనే ఉండేవాడు. నేనేదన్నా అంటే, మీ వైపు వంగి అదే మాట మళ్ళీ అనేవాడు. అదేదో ఆయన అలవాటనుకున్నాను."

నేనూ అలవాటే అనుకున్నాను. ఎన్నిసార్లు కసిరానో. "నాకు చెవుల్లేవట్రా, చిలకలా మళ్ళీ చెబుతావు?" అని. వాడు నవ్వి ఊరుకునేవాడు. మందిరంలో కూడా నా కుడిపక్కనే కూర్చుని పాట నంబరు వేలితో చూపించేవాడు.

"ఇంకొకటి చెప్పాలి" అంది. "చెప్పాలా వద్దా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. సాయంత్రాలు మీరు ప్రార్థనకి వెళ్ళాక ఆయన ఉండిపోయేవాడు. నేల మొత్తం మళ్ళీ తట్టేవాడు. ఒకటీ అరా లేపి, మాలు నింపి, మళ్ళీ వేసేవాడు. ఎందుకని అడిగితే, నావేనమ్మా, సరిగా కుదరలేదు అనేవాడు. అవి పొద్దున మీరు వేసినవి. నేను ఈ గుమ్మంలో నిలబడి చూసినవే. నడిమి వరస వేసిన సోమవారం మాత్రం నేను తొందరగా తాళం వేశాను, ఆయన ఉండలేకపోయాడు."

బయట ఏదో బండి వెళ్ళింది. వెళ్ళినట్టు కిటికీ అద్దం వణకడం చూసి తెలుసుకున్నాను.

"నేనూ పన్ను తట్టే చూస్తాను మేస్త్రిగారూ. కానీ తట్టేటప్పుడు నా చెవిని నమ్ముకోను. కుర్చీలో ఉన్న మనిషి ముఖం చూస్తాను." లేచి, పీట మళ్ళీ గోడవారకి జరిపి పెట్టింది. "కుర్చీ సంగతి సోమవారం చూసుకుందాం. నేల మీరే వేయాలి. ఇంకొకరిని పిలవను."

ఆమె అరవలేదు. వేలు చూపించలేదు. బిగించేవాళ్ళని బయటికి పంపి మరీ చెప్పింది. మంగళవారం "ఒక్క నిమిషం బయటికి రా అన్నా" అన్నవాడు అడిగింది కూడా ఇంతే కదా. బయటికి, అన్నాడు. నా కోసమే అడిగాడు. వాడి కోసం కాదు.

వచ్చేముందు పెరట్లోకి వెళ్ళి చెత్తకుప్ప తవ్వాను.

ఆదివారం, పొద్దున్నే

ఆ ముక్క ఇప్పుడు బల్ల మీద, గ్రంథం పక్కన ఉంది. బోర్లించి పెట్టాను. వీపు పైకి. చూడు. బాగా చూడు. టైలు వీపున ఉన్న గీత గీతలోకీ మాలు చొరబడి ఉంది. మూలలో కూడా. గోరు దూరేంత సందు లేదు. ఇంత నిండుగా నేను నా వయసులో ఉండగా కూడా వేయలేదు.

మంగళవారమే చూశాను. ముక్క పెరికినప్పుడే చూశాను. చూసి, వీపు కిందికి పెట్టి పారేశాను.

ఇప్పుడు రాయి. రాయవలసిందంతా రాయి.

ఆ రోజు పొద్దున వాడు అన్నది ఇది: "అన్నా, నడిమి వరస మీద కుర్చీ కూర్చుంటుంది కదా, ఇంకొకసారి తట్టి చూద్దామా?" మెల్లిగానే అన్నాడు. డాక్టరమ్మ అక్కడే ఉందని నాకు తల కొట్టేసినట్టయింది. నా వరస తట్టి చూడాలా! నాది! అందుకే నేరుగా కిటికీ పక్కకి, వాడి వరస దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. తట్టాను. ఏం వినపడింది?

ఏమీ వినపడలేదు.

చాలా కాలంగా ఏమీ వినపడటం లేదు. పిడి తగిలినట్టు వేళ్ళకి తెలుస్తుంది, అంతే. మిగతాది ఊహించుకుంటున్నాను. నేను వేసినది వినపడకపోతే నిండుగా ఉందన్నాను. వాడు వేసినది వినపడకపోతే గుల్ల అన్నాను. ఇదీ నేను తీర్చిన తీర్పు. వెలుగులో తీర్చిన తీర్పు!

నువ్వు, పల్లకీ ఎక్కినట్టు వేదిక ఎక్కి నాణ్యత గురించి ఉరిమేవాడివి. కుంటి గొర్రె తేవద్దని జనాన్ని దులిపేసేవాడివి. ఇన్నాళ్ళూ నీ కుంటి గొర్రెల్ని ఒకడు సాయంత్రం పూట భుజాన వేసుకుని మోశాడు. పైగా అవి తనవేనన్నాడు.

వాడు నాకు చెప్పి ఉండవలసింది అని రాయబోయాను. చెప్పాడుగా. ఇంకొకసారి చూద్దామా అన్నాడుగా. దానికేం బహుమతి ఇచ్చానో ఈ ముక్కనడుగు. చెయ్యి ఎత్తితే నరికేవాడి ముందు ఎవడు నోరు తెరుస్తాడు?

మర్యాద పగిలిన గోడ మీద సున్నమని రాసుకున్నాను. చెత్త. సున్నం వేసింది నేను. ఇసుక, సిమెంటు, కుర్చీ అంటూ బకెట్లకొద్దీ వేశాను. మర్యాద పైన పూసేది కాదు. ఇదిగో, ఈ ముక్క వీపున ఉన్నది. మాలు. కింద ఉంటుంది, కంటికి కనపడదు, ఎవడూ మెచ్చుకోడు. మూల మూలకీ చేరి గాలికి చోటు లేకుండా చేస్తుంది. అది లేని నేల మీద ఎంత నాణ్యమైన టైలు వేసినా బరువు పడిననాడు ఫెళ్ళుమంటుంది. పరుషంగా అన్నంత మాత్రాన నిజం గట్టిపడదు. నా తమ్ముడి పనిలో నాణ్యతా మర్యాదా ఒక్క చేత్తో జరిగాయి. నేను రెంటినీ ఒక్క సుత్తి దెబ్బతో పగలగొట్టాను.

బాగానే రాశావు. వేదిక మీద ఇది ఎంత బాగుంటుందో అని అప్పుడే అనుకుంటున్నావు కూడా. ముక్క ఎత్తి చూపించాలని, గొంతు వణికించాలని. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటారని. సిగ్గులేదూ! వాడు బస్సులో ఉంటాడు, నువ్వు వాడి పేరు చెప్పి ప్రసంగం నెగ్గించుకుంటావా?

మందిరంలో కూటం మొదలయ్యే వేళకే వాడి బస్సు.

గ్రంథం తెరిచాను. ఈసారి పేజీ తిప్పలేదు. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చావా, నీ వల్ల నీ తోడబుట్టినవాడి మనసు నొచ్చుకుందని అక్కడ గుర్తొచ్చిందా, అయితే తెచ్చినదాన్ని అక్కడే దించు, ముందు వాడి దగ్గరికి వెళ్ళు అని ఉంది. కానుక పాడైపోతుందని భయపడమనలేదు. జనం ఎదురుచూస్తారని కూడా అనలేదు. ముందు వెళ్ళు. అంతే ఉంది.

మా ఆవిణ్ణి లేపి అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. చెవి సంగతి తెలుసట. తమ్ముడి సంగతీ తెలుసట. "చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అన్నయ్యకి పని పోతే మనిషి పోతాడు వదినా అన్నాడు."

వాడు కాపాడింది నా వరసల్ని కాదు.

"మందిరానికి నువ్వు వెళ్ళి చెప్పు, నేను రావడం లేదని. ప్రసంగం ఇంకెవరైనా చేస్తారు. లేకపోతే నాలుగు పాటలు ఎక్కువ పాడుకోమను."

"పాడుకుంటారు లెండి. వాళ్ళ చెవులకీ ఒక వారం సెలవు." నవ్వింది. తరువాత కళ్ళు ఒత్తుకుంది. "వాడితో ఎలా మాట్లాడతారో ఒకసారి నాతో అనండి."

"తమ్ముడూ" అన్నాను.

చెయ్యి ఎత్తింది. "తగ్గించండి."

"తమ్ముడూ."

చెయ్యి దించలేదు. "ఇంకా. బస్టాండు మొత్తాన్ని పిలుస్తున్నారు మీరు."

"తమ్ముడూ" అన్నాను. నాకేమీ వినపడలేదు. గొంతులో కదలిక తెలిసింది, అంతే. నేను అసలు అన్నానో లేదో కూడా తెలియలేదు.

ఆమె చెయ్యి దించింది. "ఇదీ. ఇప్పుడు మనిషిలా ఉంది."

ఇలా అనాలన్నమాట, నాకు వినపడనంత మెల్లిగా.

వెళ్ళి ఏమనాలో రాసి పెట్టుకుంటాను, లేకపోతే అక్కడ ప్రసంగం మొదలుపెడతాను. టైలు నిండుగా ఉందిరా. నేను చూశాను. చూసి పారేశాను. మరదలిని కూడా కసిరాను, అది కూడా తప్పే, ఆమె ముందే చెబుతాను. సోమవారం డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉండగా, ఆమె ముందే, నడిమి వరస నేను లేపుతాను, నువ్వు తట్టు. నువ్వు ఏది గుల్ల అంటే అది గుల్ల. నేను మాలు కలుపుతాను. సాయంత్రం తాపీలు నేను కడుగుతాను. చెవుల డాక్టరు దగ్గరికి కూడా వస్తాను, నువ్వు నా కుడిపక్కన కూర్చుంటే. రానంటావా, ఆ కాంట్రాక్టరుతోనే వెళ్తానంటావా, వెళ్ళు, అడ్డుపడను. కానీ గుల్లగా వేశాడన్న మాట నెత్తిన పెట్టుకుని వెళ్ళొద్దు. అది నీది కాదు. అది ఇక్కడ దించేసి వెళ్ళు.

ఇంకొకటి. నా మాట ఎక్కడ నొప్పి పెడితే అక్కడ చెయ్యి ఎత్తరా. మాట సగంలో ఉన్నా ఆపేస్తాను. ఒట్టు.

వాడు నమ్మకపోవచ్చు. ఎందుకు నమ్మాలి?

ఇక చాలు. రాయడం నీకు తేలిక, అందుకే రాస్తున్నావు. ఇంకొక పేజీ ఉందిగా అనుకుంటున్నావు. బస్సుకి లేదు ఇంకొక పేజీ. సంచి అక్కర్లేదు, చొక్కా మార్చుకోనక్కర్లేదు. ఆ ముక్క తీసుకో. వీపు వైపు పైకి పట్టుకో. సోమవారం కాదు, కూటం అయ్యాక కాదు, మాటలు బాగా కుదిరాక కాదు. ఇవాళే. ఇప్పుడే. కలం కింద పెట్టు. లే. పరుగెత్తు.